ట్రాము చెప్పిన పాఠము
(సమాజ సభలో చదివిన ప్రసంగము)



కలకత్తా నగరము 1879 జూలై 24వ తేదీన తొలిసారి విద్యుద్దీపమును చూచెను. అది ప్రదర్శన మాత్రమే. 1899 ఏప్రిల్ 17న ఇమాంబాగ్ సందులో తొలి విద్యుత్కేంద్రము పనిచేయ నారంభించెను. 1902లో ఎస్ప్లనేడు నుండి ఖిదిర్‌పూర్ వరకు విద్యుత్తుతో ట్రాము నడిచెను. విద్యుచ్ఛాస్త్రపు మొదటి పాఠము ఆ ట్రామునందే కలదు.

ట్రాముపైన నొక తీగ. దాని నంటుకొని యొక కడ్డీ. తీగలోని విద్యుత్తు కడ్డీగుండా దిగి, మోటారును త్రిప్పి, ఇనుపచక్రముల మీదుగా పట్టాలను చేరి, వాని వెంట వెనుకకు మరలును. పోవుటకు దారి యున్నట్లే తిరిగివచ్చుటకును దారి యుండవలెను. ఇట్లు పూర్తియైన దారికే విద్యుద్వలయమని పేరు. కడ్డీ తీగనుండి జారినంతనే ట్రాము నిలిచిపోవును. ఇంటిలోని స్విచ్చి చేయు పనియు నింతియే: దారిని కలుపుట, తెంపుట.

ఈ వలయమునకు మూడు కొలతలు గలవు. మిద్దెపై తొట్టినుండి గొట్టమున నీరు దిగుటకు ఒత్తిడి కారణము. విద్యుత్తునం దట్టి యొత్తిడికి కొలత వోల్టు. ప్రవాహమునకు కొలత యాంపియరు. గొట్టపు ఇఱుకుదనము వంటిది నిరోధము. దాని కొలత ఓము. వోల్టులను ఓములచే భాగించిన యాంపియర్లు వచ్చును. జర్మను పండితుడైన ఓము ఈ సూత్రమును 1827లో ప్రకటించెను. 230 వోల్టుల ఇంట 60 వాట్ల పాతరకపు బల్బు వెలుగుటకు సుమారు పావు యాంపియరు చాలును.

ఈ చిన్న లెక్కలోనే ప్రాణముల లెక్కయు నున్నది. తడిసిన దేహపు నిరోధము వేయి ఓములకు దిగవచ్చును. 230ని వేయిచే భాగించి చూడుడు: ఆ బల్బులోని ప్రవాహమున కించుమించు సమానము. గుండె లయ తప్పుటకు అందులో కొంతభాగమే చాలును. ఒక్క తీగపై వ్రాలిన కాకి కపాయము లేదు; దాని దేహముగుండా నేలకు దారి లేదు గదా! నీట నిలిచిన మనుష్యుడు తెగిన తీగను గాని, కరెంటు ప్రాకిన స్తంభమును గాని తాకెనా, ఆతడే వలయమును పూర్తిచేయును. 2025 సెప్టెంబరు 23న కుండపోత వానకు కలకత్తా వీధులు జలమయమైనపుడు పలువు రిట్లే విద్యుదాఘాతమునకు బలియైరి.

కావున వలయము మనుష్యదేహముగుండా పోకుండ జూచుటయే రక్షణ. ఇస్త్రీపెట్టె, నీటిమోటారు మొదలగువాని లోహభాగమునకు కలుపు ఎర్తుతీగ, దారితప్పిన విద్యుత్తునకు సులభమైన మార్గము చూపును. ఆర్‌.సి.సి.బి. అను సాధనము ఆడిటరు వంటిది. పోయిన ప్రవాహమును, తిరిగివచ్చిన ప్రవాహమును అది సరిచూచుచుండును. ఇండ్లలో సాధారణముగా 30 మిల్లీ యాంపియర్ల తేడా కనబడినచో, తక్షణమే వలయమును తెంచును.

నీరు ఇల్లు చొరకముందే మెయిన్ స్విచ్చి నాపవలెను. చొచ్చిన పిమ్మట దానికై నీటిలో దిగరాదు. షాకు తగిలినవానిని చేతితో పట్టి లాగరాదు. మొదట కరెంటు నాపవలెను. మెయిన్ స్విచ్చి ఎచ్చట నున్నదో ఇంటిల్లిపాదికి తెలిసియుండవలెను. నేటి రాత్రి ఇల్లు చేరగానే పిల్లలకు దానిని చూపినచో, ఈ ప్రసంగము సార్థకమగును.