రాజ్యమైత్రి వేఱు, జనమైత్రి వేఱు
(పఠనమందిర సభయందు చేసిన ఉపన్యాసపాఠము)



అమెరికా సంయుక్తరాష్ట్రములలో నేడొక తప్పుడు తూనికరాయి చెల్లుబడి యగుచున్నది. ఇజ్రాయేలు రాజ్యమును మెచ్చినవాడు యూదులకు మిత్రుడనియు, దానిని తప్పుపట్టినవాడు యూదద్వేషి యనియు నొక పక్షమువారు తీర్పు చెప్పుచున్నారు. ఇజ్రాయేలు చేయు ప్రతికార్యమునకును తమ యూరి యూదుడే జవాబుదారి యని ఎదుటిపక్షములో కొందఱు తలచుచున్నారు. ఈ రెండు వాదములును పైకి బద్ధవిరోధములు. కాని రెండింటికిని మూలమొక్కటే. రాజ్యమును, జనమును ఒకటిగా నెంచుటయే యా మూలము. ఈ భ్రాంతిని గూర్చియే మేము నేడు మనవి చేయదలచితిమి.

మొదట చరిత్ర చూతము. 1790లో అధ్యక్షుడు జార్జి వాషింగ్టను న్యూపోర్టు నగరపు యూదులకు లేఖ వ్రాయుచు, వారి స్వేచ్ఛ యొకరి దయాభిక్ష కాదనియు, అది జన్మసిద్ధమైన హక్కనియు తెలిపెను. మాట గొప్పదే, ఆచరణము దానికి చాలలేదు. మోటారుకార్ల యధిపతి హెన్రీ ఫోర్డు 1920 మొదలుకొని తన పత్రికలో యూదులపై విషము క్రక్కించి, 1927లో గాని క్షమాపణ చెప్పలేదు. 1924 నాటి వలసచట్టము తూర్పుయూరపువారికి దాదాపు తలుపు మూసివేసెను. 1939లో సెయింట్ లూయీ యను నోడలో తొమ్మిదివందలకు పైగా యూదశరణార్థులు ఫ్లారిడా తీరముదాక వచ్చియు, దిగుటకు అనుమతి లేక యూరపునకు మరలిపోయిరి. వారిలో 254 మంది పిదప నాజీల మారణహోమములో మడిసిరి.

ఆ యోడను మరలించిన దేశమే, తొమ్మిదేండ్లు గడచిన పిదప, 1948 మే 14న ఇజ్రాయేలు రాజ్యమేర్పడిన 11 నిమిషములకు దానిని గుర్తించెను. విదేశాంగమంత్రి మార్షలు వలదని వాదించినను, అధ్యక్షుడు ట్రూమను వినలేదు. ఇది చూచి ఆయన హృదయమున యూదులపై మచ్చయే లేదని తలచెదరేమో! 1947 జూలై 21 నాటి దినచర్యలో ఆయనయే యూదులు మిక్కిలి స్వార్థపరులని నిందించుచు వ్రాసికొనెను. ఆ పుటలు 2003లో గాని బయటపడలేదు.

అధ్యక్షుడు నిక్సను సంగతి ఇంకను స్పష్టము. 1973 అక్టోబరు యుద్ధములో విమానములనిండ ఆయుధములు పంపి ఇజ్రాయేలును ఆదుకొన్నవాడాయనయే. 1971లో కార్మిక గణాంకశాఖలో యూదులెందఱున్నారో లెక్కింపుడని ఆజ్ఞాపించినవాడును ఆయనయే. తన కార్యాలయములో యూదులనుగూర్చి ఆయన పలికిన హేయమైన మాటలు ఆయన పెట్టించిన శబ్దగ్రహణ యంత్రములలోనే నిలిచిపోయినవి.

ఇక ఐసెన్‌హోవరును చూడుడు. 1945 ఏప్రిలు 12న సేనానిగా ఓర్డ్రుఫ్ నిర్బంధశిబిరమును స్వయముగా దర్శించి, ఈ ఘోరమును రేపెవ్వరును బొంకని యనకుండునట్లు శాసనసభ్యులను, పత్రికాకర్తలను రప్పించి చూపించెను. ఆయనయే 1957లో అధ్యక్షపదవినుండి, సినాయి ప్రాంతమును విడిచి వెనుకకు పొమ్మని ఇజ్రాయేలును గట్టిగా ఒత్తిడిచేసి సాధించెను. రాజ్యమునకు తోడ్పడినవారు జనమును నిందించిరి. జనముయొక్క దుఃఖమునకు సాక్షిగా నిలిచినవాడు రాజ్యమునకు అడ్డుచెప్పెను. ఇట్టిచో ఆ తూనికరాయి యేమి తూచగలదు?

యూదులలోనే ఏకాభిప్రాయము లేదు. సర్వోన్నత న్యాయస్థానమున న్యాయమూర్తియైన బ్రాండీసు పాలస్తీనాలో యూదజాతీయనివాసమునకు పాటుపడెను. 1942లో కొందఱు యూదమతగురువులే యూదరాజ్యమును వ్యతిరేకించు సంఘమును స్థాపించిరి. 2023లో హమాసు అక్టోబరు 7న దాదాపు 1,200 మందిని చంపి, సుమారు 250 మందిని చెరపట్టుకొని పోయెను. పిదప ఇజ్రాయేలు గాజాలో సాగించిన యుద్ధమున 60 వేలకు పైగా మరణించిరని అచ్చటి ఆరోగ్యశాఖ లెక్క. ఆ యుద్ధము ఆపుడని అక్టోబరు 18న వాషింగ్టనులో శాసనసభాభవనమున బైఠాయించినవారిలో యూదులు కలరు. నవంబరు 14న అదే నగరమున ఇజ్రాయేలునకు బాసటగా మహాసభ జరపినవారును యూదులే.

ద్వేషమునకు మాత్రము ఇజ్రాయేలు సాకు అక్కఱలేదు. 2018లో పిట్స్‌బర్గు ప్రార్థనామందిరమున 11 మందిని కాల్చిచంపినవాని కోపము, యూదులు శరణార్థులకు సాయపడుచున్నారని. సాకు దొరకినచో అది దానిని విడువదు. 2025 జూన్ 1న కొలరాడో రాష్ట్రపు బౌల్డరు పట్టణమున, చెరలోనివారిని విడిపింపుడని శాంతముగా నడచిపోవుచున్నవారిపై ఒకడు నిప్పుసీసాలు విసరెను. ఒక వృద్ధురాలు పిదప కన్నుమూసెను. దూరదేశపు యుద్ధమునకు ఆమె చేసిన అపరాధమేమి?

ప్రభుత్వము ఈ వ్యాధికి చట్టముచే చికిత్స చేయ యత్నించుచున్నది. 2016లో ఒక అంతర్జాతీయసంఘము స్వీకరించిన యూదద్వేష నిర్వచనమును 2019 డిసెంబరులో అధ్యక్షుని ఉత్తరువు విద్యాలయముల విషయమున అనుసరణీయము చేసెను. 2024 మేలో ప్రతినిధిసభ 320–91 వోట్లతో దానికి శాసనరూపమీయ నంగీకరించినను, సెనేటు ఆమోదింపకయే ఆ సభాకాలము ముగిసెను. ఇతరరాజ్యములను విమర్శించునట్లే ఇజ్రాయేలును విమర్శించుట ద్వేషము కాదని ఆ నిర్వచనమే చెప్పుచున్నది. ఇజ్రాయేలు చేతలకు యూదులందఱిని బాధ్యులను చేయుట ద్వేషమనియు చెప్పుచున్నది. పక్షములవారు తమకు నచ్చిన వాక్యమును పట్టుకొని, రెండవదానిని మఱచుచున్నారు. దాని రచనలో ప్రముఖుడగు కెన్నెత్ స్టెర్ను తానే యూదుడయ్యును, విద్యాలయములలో నోరు కట్టుటకు దానిని వాడరాదని వాదించెను.

సెయింట్ లూయీ వంటి యోడలు మరలిపోయినందున, తమకొక రాజ్యము లేనిదే రక్షణ లేదని ఎందఱో యూదులు నిశ్చయించుకొనిరి. ఆ భయమును తేలికగా చూడరాదు. ఇజ్రాయేలు ఉండనేరాదను మాట వారి చెవికి విమర్శవలె గాక మృత్యువార్తవలె వినబడును. అట్లే ఇల్లు గోల్పోయిన పాలస్తీనావాసి మొరను యూదద్వేషమని కొట్టివేయుటయు అన్యాయమే.

కావున విమర్శకుని ఇట్లడుగుడు: నీ నింద ఒక ప్రభుత్వముయొక్క కార్యముమీదనా, యూదుడై పుట్టిన ప్రతివానిమీదనా? ఆ కార్యమే వేఱొక రాజ్యము చేసినచో నీ నోరు ఇట్లే పలికెడిదా? ఇజ్రాయేలు మిత్రుడననుకొను రాజకీయనాయకుని ఇట్లడుగుడు: నీవు మెచ్చిన రాజ్యమును రేపు ఒక యూదుడే తప్పుపట్టినచో, అతని హక్కును నీవు కాపాడుదువా? రేవునొద్దకు మరల అట్టి యోడ వచ్చినచో, దిగనిత్తువా?