ఇల్లు లేచేటప్పుడు ఇంటిల్లిపాదీ చూడాలి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఆరేళ్లు ఒక ఇంజనీరింగు శాఖ డివిజన్ ఆఫీసులో గుమస్తాగా పనిచేసినవాణ్ణి. రోడ్లూ, కల్వర్టులూ, క్వార్టర్లూ, ఎన్ని పనుల బిల్లులు నా బల్ల మీదుగా వెళ్లాయో లెక్క లేదు. నేను కట్టించింది మాత్రం ఒక్కటే, మా ఇల్లు. కార్యదర్శిగారు "ఏదైనా పనికొచ్చే విషయం ఒక పావుగంట మాట్లాడండి" అన్నారు. నాకు తెలిసింది అదే కనుక దాని గురించే చెబుతాను. మనలో చాలామంది ఇళ్లు కట్టేసుకున్నారు. ఇప్పుడు మన పిల్లలు కడుతున్నారు. వాళ్ల ఉద్యోగాలు ఎక్కడో ఉంటాయి. అందుచేత దగ్గరుండి చూసే బాధ్యత మళ్లీ మన మీదే పడుతోంది.

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. కట్టి చూశాను. చూశాక నాకు తోచినది ఒక్కటే: కట్టి చూడడం కంటె చూసి కట్టడం మేలు. అదీ ఒక్కరు చూస్తే చాలదు, ఇంటిల్లిపాదీ చూడాలి.

ముందు డబ్బు సంగతి. నేను 2009 జూన్ ఆఖరున, అప్పటి నిబంధన ప్రకారం 58 ఏళ్లు నిండి రిటైరయ్యాను. గ్రాట్యుటీ, జి.పి.ఎఫ్., పెన్షన్‌లో 40 శాతం కమ్యూట్ చేస్తే వచ్చిన సొమ్ము, మా ఇంటావిడ దాచిన నాలుగు రూకలు, అన్నీ కలిపి రాజమండ్రి శివార్లలో ఎప్పుడో కొనుక్కున్న 200 గజాల స్థలంలో పెట్టాము. కమ్యుటేషన్ అంటే ఏమిటో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. రేపటి పెన్షన్ ఇవాళే వాడుకోవడం, పదిహేనేళ్లు నెలనెలా కోత పెట్టించుకోవడం. నాకు ఆ కోత 2024లో తీరింది. అంటే ఆ ఇంట్లో పడిన ప్రతి సిమెంటు బస్తాకూ నేను పదిహేనేళ్లు వాయిదాలు కట్టినట్టే. ఉద్యోగంలో ఉండగా కట్టిన ఇంటికి ఏదైనా తేడా వస్తే, వచ్చే ఇంక్రిమెంటు చూసుకుని సరిచేయించుకోవచ్చు. రిటైరయ్యాక కట్టే ఇంటికి ఆ వెసులుబాటు లేదు. అది మళ్లీ సంపాదించలేని డబ్బు.

ఇక ఎలా చూడాలన్నది. ఇంజనీరింగు శాఖల్లో పనిచేసినవారికి ఎం. బుక్ తెలుసు, అంటే మెజర్‌మెంట్ బుక్. పని జరిగిన చోటే కొలిచి, అక్కడికక్కడే రాసే పుస్తకం. అందులో లేని కొలత బిల్లులోకి రాదు. పేజీలకు నంబర్లుంటాయి, కాగితం చింపడానికి వీల్లేదు. అన్నిటికంటె ముఖ్యమైన పద్ధతి ఒకటుంది. మట్టితోనో కాంక్రీటుతోనో కప్పబడిపోయే పనిని కప్పకముందే కొలవాలి. పునాది పూడ్చేశాక ఎంత లోతు తవ్వారో ఎంతటి ఇంజనీరైనా చూసి చెప్పలేడు.

2010 వేసవిలో శంకుస్థాపన జరిగిన నాటి సాయంత్రం ఒక లాంగ్ నోటుబుక్కు కొని, పేజీలకు నంబర్లు వేసి, అట్ట మీద "మా ఇంటి ఎం. బుక్" అని రాశాను. ఎవరి సెక్షను వారికి కేటాయించాము. సామాను, నీళ్లు మా ఇంటావిడవి. చెల్లింపులు, వోచర్లు నావి. అమ్మాయి అప్పుడు బి.ఇడి. చదువుతోంది, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక కొలతలు సరిచూడడం దానిది. అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం. వచ్చినప్పుడల్లా కెమెరాతో ఫొటోలు తీయడం వాడిది. దీనికొక షరతు పెట్టుకున్నాము. పదిమంది చూడాలి, ఒక్కరే చెప్పాలి. ఎవరికేది కనిపించినా నాకు చెప్పాలి, నేను ఇంజనీరుగారిని అడగాలి, ఆ తర్వాతే మేస్త్రికి చెప్పాలి. నలుగురు నాలుగు రకాలుగా పురమాయిస్తే మేస్త్రి నాలుగో మనిషి మాట కూడా వినడు.

ఈ పుస్తకం మొదటి నెలలోనే అక్కరకొచ్చింది. పునాది గుంతలు తవ్విన వారానికి, 2010 మే 20న, లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వైపూ వానలు పడ్డాయి. గుంతలు చెరువులయ్యాయి. వాన వెలిశాక నీళ్లు తోడించి బెడ్డు వేసేద్దామన్నాడు మేస్త్రి. అమ్మాయి పుస్తకం తీసింది. తవ్విన రోజు లోతు అయిదడుగులని రాసి ఉంది. టేపు పెడితే నాలుగుంపావు. తేడా ముప్పావు అడుగు, గట్టు మీంచి జారిపడిన బురద. ఇంజనీరుగారు ఆ బురదంతా తీయించి, గట్టి నేల తగిలేదాకా చెక్కించి, అప్పుడు కాంక్రీటు వేయించారు. ఆ రోజు అంకె రాసి ఉండకపోతే మా ఇల్లు బురద మీద లేచేది.

ఇసుక సంగతి. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లం, ఇసుక గురించి మనకొకరు చెప్పాలా అనుకుంటాము. మా ఇంటావిడ ప్రతి ట్రాక్టరు నుంచీ గుప్పెడు ఇసుక తీసి, గాజు సీసాలో ఉప్పు నీళ్లు పోసి, గిలకొట్టి పక్కన పెట్టేది. కాసేపటికి ఇసుక అడుగున, మట్టి పైన పొరగా తేరుతాయి. ఆ మట్టి పొర వందకు 8 వంతులు మించకూడదని ఇంజనీరుగారు చెప్పారు. మించిన లోడు వెనక్కి వెళ్లేది. ఇంకొకటి, కాస్త తడి తగిలిన ఇసుక పొంగుతుంది. పొడి ఇసుక కంటె నాలుగో వంతు దాకా ఎక్కువగా కనిపిస్తుంది. కొలిచి కొనేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకుని బేరం చేసుకోవాలి. సిమెంటు బస్తా మీద తయారైన వారం, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. అది చూడకుండా దింపించవద్దు. మూడు నెలలు దాటిన సిమెంటుకు సత్తువ తగ్గుతుంది. దింపిన బస్తాలు నేల మీద కాక చెక్కల మీద, గోడకు ఎడంగా పేర్చాలి.

స్తంభాల ఇనుము కట్టినప్పుడు అమ్మాయి స్కేలు పెట్టి కొలిచింది. ప్లానులో 6 అంగుళాలకొక రింగు. ఒకచోట 8, ఒకచోట 9 కనిపించాయి. పెట్టెలు బిగించకముందే సరిచేయించాము. ఇనుముకు, బయటి పెట్టెకు మధ్య ఎడం ఉండడానికి పెట్టే సిమెంటు బిళ్లలు, అవే కవర్ బ్లాకులు, అవీ లెక్కపెట్టింది. స్తంభానికి 40 మిల్లీమీటర్లు, స్లాబుకు 20. ఆ ఎడం లేకపోతే తేమ తగిలి ఇనుము తుప్పు పడుతుంది, ఉబ్బుతుంది, పదేళ్లకో పదిహేనేళ్లకో పెచ్చులూడతాయి. ఇవాళ చాలా పాత ఇళ్ల స్లాబుల కింద ఇనుము బయటపడి కనిపించేది అందుకే.

అన్నిటికంటె అలుసుగా చూసే పని నీళ్లు కొట్టడం. సిమెంటు ఆరి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది నీటితో కలిసి గట్టిపడుతుంది. నీరు అందకపోతే ఆ పని సగంలో ఆగిపోతుంది. మేస్త్రి లెక్కలో దీనికి విడిగా కూలి ఉండదు కనుక ఇది ఎవరి పనీ కాకుండా పోతుంది. ఐ.ఎస్. 456 అని 2000లో సవరించిన కాంక్రీటు ప్రమాణం ఉంది. దాని ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద వంటివి కలిపిన సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకుండా ఉంచాలి, దాన్ని 14 రోజులకు పొడిగిస్తే మంచిదని అందులోనే ఉంది. మన ఎండల్లో ఏ సిమెంటుకైనా 10 రోజులకు తగ్గకూడదు. మా ఇంటావిడ 14 రోజులకు ఖాయం చేసింది. స్తంభాలకు గోనెపట్టాలు చుట్టించి, పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి తడిపించేది. స్లాబు మీద మళ్లు కట్టి నీళ్లు నిలబెట్టించింది. తడిపిన పూటల్లా పుస్తకంలో టిక్కు పెట్టింది. రోళ్లు పగిలే ఎండలో ఆవిడ ట్యూబు పట్టుకుని నిలబడితే మేస్త్రి అన్నాడు: "బాబుగారూ, మీ ఇంటికాడ పని చేత్తంటే పరీచ్చ రాసినట్టుందండి. అమ్మగారు మార్కులేత్తన్నారు."

అలాగని పనివాళ్లతో మాకు తగాదా లేదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కూలీలు వాళ్లు. శనివారం కూలి శనివారమే ఇచ్చేవాణ్ణి. మధ్యాహ్నం కుండెడు మజ్జిగ ఉండేది. స్లాబు వేసిన రోజు అందరికీ భోజనాలు పెట్టాము. మనం గౌరవంగా ఉంటే, కొలత సరిచూసినా వాళ్లు నొచ్చుకోరు. ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉన్నాము. నీళ్ల సంపు తవ్విన రోజు నుంచీ దాని మీద మూత లేకుండా ఎవరూ ఇంటికి వెళ్లకూడదు. కూలీల పిల్లలు అక్కడే ఆడుకుంటారు. పిల్లలు ఎవరి పిల్లలైనా పిల్లలే.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచిన సంగతికి వస్తాను. గోడలు మొదలుపెట్టే రోజున మేస్త్రి నేల మీద సున్నంతో గీతలు గీశాడు. కింది పడకగదిని ఆనుకుని స్నానాలగది. ప్లానులో దాని తలుపు రెండున్నర అడుగులు. మా ఇంటావిడ ఆ గీతల మధ్య కాసేపు నిలబడి, "ఏమండీ, ఇక్కడ మూడడుగులు పెట్టించండి. గడప కూడా వద్దు" అంది. ఎందుకని అడిగాను. మా అత్తగారు చివరి రోజుల్లో ఒక అద్దె ఇంట్లో మంచాన పడ్డారు. ఆ ఇంటి స్నానాలగది తలుపులో ఒక్క మనిషే పట్టేవారు. "రేపు మనల్ని నడిపించుకుని తీసుకెళ్లాలంటే పక్కన ఒకరుండాలి కదా" అంది. నిజమే. రెండున్నర అడుగుల ద్వారబంధంలో చెక్క పోను మిగిలేది 25 అంగుళాలు. ఇంజనీరుగారు గోడను కొంచెం జరిపారు. గడప తీసేసి, నీళ్లు గదిలోకి రాకుండా స్నానాలగది నేలకు లోపలికి వాటం పెట్టించారు. అయిన ఖర్చు చిటికెడు సున్నం. అదే గోడ లేచాక అడిగి ఉంటే పగలగొట్టి మళ్లీ కట్టాలి. ఇంట్లో తిరగబోయే మనిషి గీతల దశలో అక్కడ నిలబడి చూడడం వల్ల వచ్చే లాభం ఇది. ఏ ఇంజనీరుకైనా గది కొలతలు తెలుస్తాయి. ఆ ఇంట్లో ముసలివాళ్లయ్యేవాళ్ల మనసులో ఏముందో చెబితేనే తెలుస్తుంది.

2021లో మా ఇంటావిడ వరండాలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయింది. మూడు నెలలు చక్రాల కుర్చీ. ఆ కుర్చీ మంచం దగ్గర నుంచి స్నానాలగదిలోకి నేరుగా వెళ్లింది. ఎత్తి దించవలసిన పని లేకపోయింది. డెబ్బై ఏళ్ల నేను ఒక్కణ్ణే తోసుకెళ్లగలిగాను. గోడకు పట్టుకునే కడ్డీలు బిగించాలన్నారు డాక్టరుగారు. ఎక్కడ డ్రిల్లు పెట్టాలి? గోడలో పైపులెక్కడున్నాయి? అబ్బాయి 2010లో ప్లాస్టరింగుకు ముందు, పైపుల పక్కన టేపు పెట్టి తీసిన ఫొటో ఎం. బుక్‌లో అంటించి ఉంది. నేల నుంచి ఎన్ని అంగుళాలు, మూల నుంచి ఎన్ని అంగుళాలు, అన్నీ అమ్మాయి చేతిరాతలో ఉన్నాయి. ప్లంబరు ఆ పేజీ చూసి, పైపుకు తగలకుండా అరగంటలో నాలుగు కడ్డీలు బిగించి వెళ్లాడు. ఆవిడ ఆ కడ్డీలు పట్టుకునే మళ్లీ నడక నేర్చుకుంది. ఇవాళ చేతికర్ర సాయంతో వచ్చి మూడో వరసలో కూర్చుంది. తన పేరెత్తవద్దని ముందే హెచ్చరించింది గనుక పేరు చెప్పడం లేదు.

ఇప్పుడు పరదేశంలో ఉన్న పిల్లలు ఇక్కడ కట్టే ఇంటిని ఫోనులో వీడియో పెట్టించుకుని చూస్తున్నారు. మంచిదే. అయితే ఫోను పట్టుకున్న మనిషి ఎటు తిప్పితే అటే మనం చూస్తాము. కాబట్టి వారికి నాదొక సలహా. ఏ రోజు ఏది చూపించాలో ముందుగా రాసి పంపండి. పునాదిలో కాంక్రీటు పడకముందు ఒకరోజు, స్తంభం పెట్టె మూయకముందు ఒకరోజు, స్లాబు పోయకముందు ఒకరోజు, గోడలో పైపులు పూడ్చకముందు ఒకరోజు. ఈ నాలుగు రోజులూ కొలిచే టేపు కనిపించేటట్టు చూపించమనండి. మిగతా రోజుల్లో రంగులూ తలుపులూ చూసి సంతోషించవచ్చు. స్లాబు కింది దన్నుల విషయంలో కూడా తొందరపడవద్దు. నాలుగున్నర మీటర్లలోపు స్లాబుకు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలన్నది అదే ప్రమాణంలోని మాట. ఇంజనీరు ఇంకా ఉంచమంటే ఉంచండి. ఈ నాలుగు రోజులూ అక్కడ ఉండి చూసేవాళ్లు మనమే. మోకాళ్ల నొప్పులున్నవారు నిచ్చెన ఎక్కనక్కర్లేదు. కుర్చీ వేసుకుని కూర్చుని అంకెలు రాయండి. ముప్పై ఏళ్లు మనం చేసిన పని అదే కదా.

మా ఎం. బుక్ ఇవాళ తెచ్చాను. టీ ఇచ్చే సమయంలో చూడదలచినవారు చూడవచ్చు. పేజీలకు నంబర్లున్నాయి కనుక ఒక్క కాగితం పోయినా మా ఇంటావిడకు తెలిసిపోతుందని మనవి.