బాప్టిస్టు ఎవరు, ఎం.బి. ఎవరు?



ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో నల్లగొండ నుంచి వచ్చిన పిల్లల్ని అడిగితే ‘మాది బాప్టిస్టు’ అంటారు. పాలమూరు పిల్లలు ‘మాది ఎం.బి.’ అంటారు. ఈ పేర్లు ఎట్లా వచ్చాయో వినండి. అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు 1889లో రష్యా నుంచి వచ్చారు. వాళ్లు మెనోనైట్ బ్రెదరెన్, అంటే ఎం.బి. అయినా అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో చేయి కలిపి నల్లగొండలో పని మొదలుపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం, ఆ వెంటనే విప్లవం వచ్చి రష్యా నుంచి సాయం ఆగిపోయింది. నల్లగొండ సంఘాలు బాప్టిస్టు సంఘాలుగానే నిలబడ్డాయి. పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో, కథ దీనికి ఉల్టా. ముందు పనిచేసింది బాప్టిస్టులు, 1937లో అక్కడి మిషన్ పని మెనోనైట్ బ్రెదరెన్ చేతికి వచ్చింది.

మన తాతలు శాఖను ఏరికోరి ఎంచుకోలేదు. వాళ్ల ఊరికి ఎవరు వస్తే ఆ పేరు పడింది. అట్లా వచ్చిన పేరు చూసుకొని పక్క సంఘాన్ని చిన్నచూపు చూడటం మనకు తగునా?

శాఖ కన్నా గట్టి గోడ కులం. ప్రభువు బల్లలో అందరం పాలుపొందుతాం. కానీ సంఘ కమిటీ ఎన్నికలు రాగానే ఎవరి కులం ఓట్లెన్నో లెక్కలు తీస్తాం. సంబంధం మాట వస్తే మొదటి ప్రశ్న కులమే.

ఈ గోడలు దాటాలంటే సేవ కావాలి. మిషనరీ వైద్యురాలు డాక్టర్ కాథరీనా షెలెన్‌బర్గ్ 1907లో మన దేశానికి వచ్చారు. నాగర్‌కర్నూల్‌లో, తర్వాత శంషాబాద్‌లో జీవితాంతం రోగుల్ని చూసుకున్నారు. అంత పెద్ద పని మీకు రాకపోవచ్చు. రేపు మీరు ఏ ఆస్పత్రిలోనో ఆఫీసులోనో కుర్చీలో కూర్చుంటారు. చదువు రాని ఓ అవ్వ చెమటకు తడిసిన చీటీ చాపి, ‘బిడ్డా, గిది యాడికి పోవాలె?’ అంటుంది. కూర్చున్నచోటు నుంచే వేలు చూపించవచ్చు. లేచి ఆ గది దాకా తోడు పోనూవచ్చు. మీరు నేర్చుకున్న ప్రేమకు, తగ్గింపుకు పరీక్ష ఆ రెండు నిమిషాలే.

ఒక ఆదివారం మీది కాని సంఘానికి వెళ్లండి, వెనక వరుసలో కూర్చోండి, వాళ్లు పెట్టింది తినండి. మీ పెళ్లి మాటలు మొదలైనప్పుడు కులం అడగొద్దని ఇంట్లో ముందు మీరే చెప్పండి. తల్లిదండ్రులారా, పిల్లలు ఆ మాట అన్నరోజు వాళ్ల మీద గరం కాకండి. మీరు చదివించిన చదువు వాళ్లకు వంటబట్టిందని సంతోషించండి.