ఉప్పునీరు, మంచినీరు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మనుచరిత్రమునుగూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను పదవ తరగతితో బడి చాలించినవాడను. తరువాతి చదువంతయు ఈ బల్లలమీదనే, సూర్యరాయాంధ్ర నిఘంటువు ప్రక్కన బెట్టుకొని, అడిగినచో చెప్పువారు లేక, తప్పులతో సాగినది. ముప్పది యేండ్లుగా సహకార సంఘమున లెక్కలు వ్రాయుచున్నాను. అట్టివాడు పెద్దన గారినిగూర్చి చెప్పుటకంటె చెప్పకుండుటయే మేలు. ఒక్క మాట మాత్రము చెప్పి వేరొక సంగతికి పోయెదను. ప్రవరుడు పాదములకు పసరు పూసికొని హిమాలయమునకు పోయెను. మంచునకు పసరు కరగెను. ఇల్లు చేరు దారి లేదు. తుదకు అగ్నిదేవుని ప్రార్థించి ఊరు చేరెను. మన పిల్లలకు ఆ అగ్నిదేవుడు సంక్రాంతికి వేసెడు ప్రత్యేక రైలు.

గడచిన సంక్రాంతికి అట్లు వచ్చిన మా అబ్బాయి, "నాన్నగారూ, ఈ ఊళ్ళో ఇంక ఏముంది? ఇల్లు మూసేసి మా దగ్గరికి వచ్చేయండి" అనెను. నాకు జవాబు తోచలేదు. మెల్బోర్నులో నుద్యోగము చేయు నా మేనల్లుడు ఆ పండుగకే వచ్చియుండెను. అతడు తన ఫోనులో ఒక పాట వినిపించి, దానిని పాడినవాని కథ చెప్పెను. నాటినుండి దొరకినంత చదువుచు, తెలియనిచో అతనినే అడుగుచు వచ్చితిని. నేడు చెప్పబోవునది ఆ మనుష్యుని కథ.

ఆస్ట్రేలియా ఖండమునకు ఉత్తరపు కొసను ఆర్నెమ్ ల్యాండ్ అను సీమ కలదు. అందలి సముద్రపుటొడ్డున యిర్‌కల అను చిన్న గ్రామము. అచటి ఆదిమవాసులు తమ్ము యోల్ఙులు అని చెప్పుకొందురు. మన అక్షరమాలలో ఙకారమును దేనికి వల్లించితిమో నాకు ఇన్నాళ్ళకు తెలిసినది! వారి భాషలో ఆ అక్షరము లేనిదే పూట గడవదు. మనవలెనే టకార ణకారములును కలవు. ఆ తీరమున చింతచెట్లున్నవన్నచో మీరు నమ్మరు. సులవేసి ద్వీపమునుండి మకస్సారు నావికులు ఏటేట పడవలమీద వచ్చి, సముద్రపు దోసకాయ యను ఒక ప్రాణిని పట్టి, ఉడికించి, ఎండబెట్టి చీనాదేశమునకు అమ్మెడివారు. వారు విడిసిన చోటులందు చింతచెట్లు మొలచినవి. 1907 నాటికి దొరతనమువారు ఆ రాకపోకలను ఆపివేసిరి. చెట్లు నిలిచినవి. తెల్లవారిని యోల్ఙులు "బలండ" యని పిలుతురు. అది "హాలండరు" అను మాట నావికుల నోట పడి వారికి చేరిన రూపము.

వారి బంధుత్వము మనకు సులభముగా నర్థమగును. లోకమంతయు రెండు సగములు: ధువా, యిరిచ. మనుష్యులే కాదు, చెట్టు, చేప, గాలి, నేల, పాట, అన్నియు ఏదో యొక సగమునకు చెందినవే. ఒకే సగమువారు పెండ్లాడరాదు. కావున బిడ్డ తండ్రి సగమునకు చెందును, తల్లి వేరొక సగమునకు చెందును. తల్లివారి నేలకును, వారి క్రతువులకును బిడ్డ కావలికాడు. ఈ తల్లిబిడ్డల సంబంధమును "యోథు యిండి" అందురు. సగోత్రము, మేనరికము అని పంచాంగములు తిరుగవేయు మనకు ఇందులో వింత లేదు. వింతయెల్ల, నేలను కూడ ఆ లెక్కలో చేర్చుటయే.

ఇక నా వృత్తికి సంబంధించిన భాగము చెప్పెదను. మా తండ్రిగారు కరణములు. 1984లో ఆ పదవులు రద్దగు వరకు మా అరుగుమీద అడంగళ్ళు, పటములు నుండెడివి. రెవెన్యూవారు డైగ్లాటు అనెడు పాత రిజిస్టరు రెండు భాషలలో నుండెడిది. సర్వే రాయి కదలినచో తగవు, గట్టు కరగినచో తగవు. నేల అనగా కాగితము అని నేను పుట్టినప్పటినుండి వింటిని. 1963లో ఆస్ట్రేలియా ప్రభుత్వము బాక్సైటు త్రవ్వకములకై యోల్ఙుల సీమలో 300 చదరపు కిలోమీటర్లకు మించిన నేలను వారి నడుగకయే వేరుచేసెను. అప్పుడు వారు చేసిన పని చూడుడు. చెట్టుబెరడును పలకగా చేసి, చుట్టును తమ వంశముల చిత్రములు వ్రాసి, నడుమ తమ భాషలోను ఇంగ్లీషులోను టైపుచేసిన మహజరును అతికించి, పార్లమెంటునకు పంపిరి. ఒకటి ధువావారి చిత్రములతో, ఒకటి యిరిచవారి చిత్రములతో. బలండల దృష్టిలో ఆ చిత్రములు అంచు అలంకారము. యోల్ఙుల దృష్టిలో అవియే పట్టాలు. నడుమనున్న కాగితము వానికి అనువాదము మాత్రమే.

పార్లమెంటు విచారణ జరిగెను. గని ఆగలేదు. వారు న్యాయస్థానమునకు పోయిరి. 1971లో న్యాయమూర్తి వారికి సూక్ష్మమైన, క్రమబద్ధమైన ధర్మశాస్త్రము కలదని ఒప్పుకొనెను. కాని నేలమీద ఆస్తిహక్కును అంగీకరింపక కేసు కొట్టివేసెను. శాస్త్రము కలదు, హక్కు లేదు! కరణముగారి కొడుకునైన నాకు ఈ తీర్పు చదివిన రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ బెరడు మహజరులు పోయిన యేడు యిర్‌కలలో ఏడవ యేట అడుగిడుచున్న బాలుడొకడుండెను. పుట్టినది 1956 సెప్టెంబరు 17. ఇంటిపేరు యునుపిఙు. వంశము గుమాచ్, అది యిరిచ సగమునకు చెందినది. ఉప్పునీటి మొసలియు, నిప్పును వారి కులచిహ్నములు. తండ్రి వంశపెద్ద, చిత్రకారుడు. ఈ బాలుడు ఉపాధ్యాయుడైనాడు. 1980ల చివర డీకిన్ విశ్వవిద్యాలయ పట్టము నందెను. ఆర్నెమ్ ల్యాండునుండి పట్టము పొందిన మొదటి ఆదిమవాసి యతడే. 1990లో తన ఊరి బడికే ప్రధానోపాధ్యాయుడైనాడు. ఆ సమయముననే అతని పేరుగల బంధువొకడు మరణించెను. చనిపోయినవారి పేరు పలుకరాదను ఆచారము ననుసరించి, ప్రధానోపాధ్యాయుడు తన పేరును మార్చుకొని మండవుయ్ అయినాడు. సర్టిఫికెట్లు ఒక పేరుతో, పిలుపు వేరొక పేరుతో! మన ఆఫీసులలో నైనచో ఎన్ని అఫిడవిట్లు కావలెనో.

అతడు బడిలో చేసిన పనికి మూలమైన మాట "గన్మ". సముద్రమునుండి వచ్చు ఉప్పునీరును, నేలనుండి వచ్చు మంచినీరును కలిసెడు చోటు. కలిసిన చోట నురుగు లేచును. ఒకటి రెండవదానిని మ్రింగదు. బలండ విద్యయు, యోల్ఙు విద్యయు అట్లు కలియవలెనని అతడును, అతనితోడి ఉపాధ్యాయులును, పెద్దలును పాఠక్రమమును కూర్చిరి. కళింగపట్నము దగ్గర వంశధార సముద్రమున కలియుట చూచినవారికి దీనిని వ్యాఖ్యానింప బనిలేదు. పోటునాడు ఏరు వెనుకకు నడచును. పాటునాడు మరల ముందునకు నడచును. ఆ నీటిని త్రాగలేము. కాని రొయ్యపిల్ల బ్రతుకునది ఆ నీటిలోనే.

పాట సంగతి క్లుప్తముగా చెప్పెదను, నాకు ఆ సంగీతము పూర్తిగా అర్థము కాలేదు కనుక. యోథు యిండి అనునదే అతని బృందము పేరు. యోల్ఙులును, బలండలును కలిసి, చిరుతలవంటి కఱ్ఱలు, యిడకి యను పొడుగు బూర, గిటారు వాయింతురు. 1988లో ప్రధాని బాబ్ హాక్ ఆదిమవాసులతో ఒడంబడిక చేసికొందుమని మాట యిచ్చెను. అది జరుగలేదు. 1991లో ఈ బృందము "ట్రీటీ" అను పాటను గుమాచ్ భాషలోను ఇంగ్లీషులోను కలిపి పాడెను. దేశమంతయు ఆడినది. 1992కు అతడు ఆస్ట్రేలియా దేశపు ఆ సంవత్సరపు పౌరుడుగా గౌరవింపబడెను.

ఇదివరకు చెప్పినంతలో ఆపినచో సన్మానపత్రమువలె నుండును. లెక్కలవాడు ఖర్చు పద్దు కూడ చూపవలెను. ఖండాంతరములకు పిలుపులు పెరిగినవి. బడి పదవిలో అతడు ఎక్కువ కాలము నిలువలేదు. త్రాగుడు అలవాటైనది. ఆ సంగతి తానే బహిరంగముగా ఒప్పుకొనెను. 2007లో మూత్రపిండములు చెడినవని తెలిసెను. ఆ దేశమున మారుమూలల నుండు ఆదిమవాసులకు ఈ వ్యాధి వచ్చినచో, డయాలసిస్సు కొరకు పలువురు నేలను, బంధువులను విడిచి పట్టణమున కాపురముండవలసి వచ్చును. ఉద్దానమువారి బంధువులు ఈ సభలో నున్నారు, వారికి నేను వివరింప నక్కరలేదు. 2013 జూన్ 2న అతడు మరణించెను. వయస్సు 56. నా వయస్సు నేడు అదియే.

బడి సంగతియు సాఫీగా సాగలేదు. 2008లో అక్కడి ప్రభుత్వము ప్రతిదినము మొదటి నాలుగు గంటలు ఇంగ్లీషులోనే బోధింపవలెనని ఆజ్ఞాపించెను. గన్మ కెదురుగా గట్టు కట్టిరన్నమాట. మహజరు సంగతి మాత్రము వేరు దారి పట్టినది. అతని యన్నగారు గలర్‌వుయ్ 2019లో మరల కేసు వేసిరి. 2023లో వారు గతించిరి. 2025 మార్చిలో ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానము, ఆ నేలమీద ఆదిమవాసుల హక్కును ఊరక తీసివేయ వీలులేదనియు, న్యాయమైన పరిహార నియమము దానికిని వర్తించుననియు నిర్ణయించెను. బెరడుమీద వ్రాసిన అర్జీకి 62 ఏండ్లకు వచ్చిన ఎండార్సుమెంటు!

ఇంత దూరపు కథ మనకేల యని కొందరు తమలో ననుకొనుచుందురు. మన జిల్లావారే గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చి, దానికి వ్యాకరణమును, నిఘంటువును రచించి, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించిరి. (వారు బ్రతికియున్నచో నేటి నా గ్రాంథికమునకు చెవులు మూసికొందురు.) అది తెలిసియు నేను చేసిన పని యొకటి చెప్పవలసియున్నది.

నాతో ఎనిమిదవ తరగతిలో కొండమీదనుండి వచ్చిన సవర బాలుడొకడు చదివెను. అతడు తెలుగు వాచకము చదువునపుడు ఉచ్చారణకు తరగతియంతయు నవ్వెడిది. నేను అందరికంటె బిగ్గరగా నవ్వితిని, ఏలయన పద్యము బాగుగా చదువువాడనని పేరు నాది. వేసవి సెలవుల తరువాత అతడు రాలేదు. ఇరువది యేండ్లకు సంతలో చింతపండు అమ్ముచు కనబడెను. నేను గుర్తుపట్టులోపలనే నన్ను గుర్తుపట్టినాడు. రెండు బుట్టల తూకము, తరుగు, బేరము తగ్గింపు, అన్నిటిని తన భాషలో పెదవుల మధ్యనే లెక్కించి, మొత్తమును తెలుగులో చెప్పెను. కాగితముమీద వేసి చూచితిని. పైసా తప్పలేదు. "బాబూ, నువ్వు పద్యాలు ఇంకా చదువుతావా?" అని అడిగెను. నేను డబ్బిచ్చి వచ్చేసితిని.

అతని మనుమరాలు ఇప్పుడు పట్టణమున నర్సు చదువు చదువుచున్నది. సెలవులకు వచ్చినపుడు తాతతో సంతకు దిగును. రెండుమారులు మన గ్రంథాలయపు మెట్లవరకు వచ్చి, లోనికి చూచి మరలిపోవుట నేను చూచితిని. మూడవమారు నేనే పిలిచితిని. లోనికి వచ్చి, "మా భాషలో పుస్తకం ఏదైనా ఉందా అండీ?" అని అడిగెను. మన అల్మారాలు తొమ్మిది. స్టాకు రిజిస్టరు నేను వ్రాసినదే, మొదటినుండి చివరవరకు చూచితిని. ఒక్కటియు లేదు.

గిడుగువారి సవర గ్రంథముల ప్రతులును, సవర భాషలో నేడు అచ్చగుచున్న పిల్లల వాచకములును తెప్పించుటకై ఒక ఖాతా తెరువవలెనని కార్యవర్గమును కోరుచున్నాను. మొదటి పద్దుగా నా పేర ఐదువందల రూపాయలు జమ వ్రాసికొనవలెను. సొమ్ము బల్లమీద పెట్టితిని. కోశాధికారిగారు రశీదు రేపు ఇచ్చినను చాలును.