ఇంటి వడ్రంగమునకు తగిన చోటు

తీరికవేళ ఇంట వడ్రంగము చేయగోరు గృహస్థులు మొదట రంపము, ఉలి, చిత్రిక కొందురు. చోటును గూర్చి తరువాత ఆలోచింతురు. ఉలి బాగులేనిచో మరియొకటి కొనవచ్చును. గోడను జరుపుట అంత సులభము కాదు.

నేనును అట్లే పొరబడితిని. పెరటిలోని పాత పశువుల సావడిలో బల్ల వేసికొని, మా నాయనగారి మంచపు టేకుతో బీరువా తలుపులు చేసి, సందు లేకుండ బిగించితిని. అది వేసవి. వానకాలము వచ్చుసరికి నేల చెమ్మగిల్లినది. పలకలు ఉబ్బి చట్రముల కూర్పులు విడిపోయినవి. ఆ కలప మరల దొరకునది కాదు.

కొయ్య పొడవున అంతగా మారదు. అడ్డముగా మాత్రము తేమకు ఉబ్బును, ఎండకు కుదించుకొనును. కనుక పనిగది నేల పెరటి మట్టముకంటె ఎత్తుగా నుండవలెను, కప్పు కారరాదు, ఎదురెదురు కిటికీలలో గాలి ఆడవలెను. ఉత్తరపు కిటికీ వెలుతురు నిలకడగా నుండును. గీత చూచి కోయువారికి అదియే మేలు.

విస్తీర్ణమును పలకతో కొలువుడు. 8 అడుగుల పలకను యంత్రపు రంపముపై నిలువున కోయవలెనన్న, రంపమునకు ముందు 8, వెనుక 8 అడుగులు కావలెను. గది చిన్నదైనచో రంపమును వాకిలికి ఎదురుగా నిలుపుడు. పలక కొన గుమ్మము దాటి పోవును.

పనిగది వంటయింటికి దూరముగా నుండవలెను. రంపపు పొట్టు త్వరగా అంటుకొనును. అవిసెనూనె తుడిచిన గుడ్డలను కుప్పవేసినచో నిప్పు సోకకయే వేడెక్కి మండవచ్చును. విడివిడిగా ఆరుబయట ఆరవేయుడు.

నేను సావడిని విడువలేదు. నేలను మూరెడు లేపి గచ్చు చేయించితిని, పెంకులు తిరుగ నేయించితిని. మిగిలిన టేకుతో అందు చేసిన చిన్న పెట్టె మూడు వానకాలములు చూచినది; మూత నేటికిని సులువుగా తెరచుకొనుచున్నది.