రెండు డెల్టాలు – ఒక పాఠము

(రామచంద్రపురమున పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



పంచాయతీలను గూర్చి మాటలాడవచ్చిన మేము బర్మా దేశముతో ప్రారంభించుట మీకు వింతగా తోచవచ్చును. ఆ దేశమును నేడు మయన్మార్ అనుచున్నారు. కాని అది ఈ సీమకు పరాయిది కాదు. మన పెద్దలు రంగూను పట్టణమును ‘రంగము’ అనెడివారు. ఇచటికి తూర్పుననున్న కోరంగి రేవు పేరునుబట్టియే అచట తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు వచ్చినది. తరువాత కాకినాడ రేవునుండి పొగయోడలలో వేలకొలది మనవారు వెళ్ళి, రంగూను రేవులోను, బియ్యపు మరలలోను బస్తాలు మోసిరి. వారు మోసిన బియ్యము కథ మన కథకు మిక్కిలి దగ్గరిది.

1852వ సంవత్సరమును గుర్తుంచుకొనుడు. కాటన్ దొర 1847లో ఆరంభించిన ధవళేశ్వరము ఆనకట్ట ఆ సంవత్సరముననే పూర్తియైనది. ఆ సంవత్సరముననే దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైనది. ఇచట గోదావరి, అచట ఐరావతి, రెండును వరిసీమలే. 1869లో సూయజు కాలువ తెరచిన పిమ్మట బర్మా బియ్యమునకు ఐరోపా విపణి దగ్గరయైనది. అడవులు నరికి, చిత్తడి నేలలు బాగుచేసి, ఎనిమిది లక్షల ఎకరములకు లోబడియున్న వరిసాగును ఎనుబది లక్షలకు పైగా పెంచిరి. 1930 తరువాతి సంవత్సరములలో బర్మా ఏటేట సుమారు 30 లక్షల టన్నుల బియ్యమును ఎగుమతి చేయుచుండెను. ప్రపంచమున అంత బియ్యము అమ్మిన దేశము మఱొకటి లేదు.

అయినను పండించినవాని ఇంట సిరి నిలువలేదు. 1930 ప్రాంతమున ధాన్యము ధర పడిపోగా అప్పులు తీరలేదు. కొలది సంవత్సరములలోనే దిగువ బర్మా సాగుభూమిలో ఇంచుమించు నాలుగవవంతు వడ్డీవ్యాపారుల చేతికి పోయినది. భూమి పోయిన రైతు కౌలుదారయ్యెను. కౌలు పోయినవాడు కూలివాడై పట్టణము చేరెను. అచట మనవారును కూలికొఱకే నిలిచియుండిరి. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలకును బర్మా కూలీలకును జరిగిన ఘోరమైన కొట్లాటలకు మూలమిదియే. ఇరువురును బీదలే, ఉన్న పని మాత్రము ఒక్కటే.

1941 డిసెంబరులో రంగూనుపై జపాను బాంబులు పడినవి. లక్షలాది భారతీయులు ప్రాణములు దక్కించుకొనుటకు ఇల్లు వాకిలి విడిచిరి. అడవిదారులలో నడచి వచ్చుచు ఎందఱో మరణించిరి. యుద్ధము ముగిసి, 1948 జనవరిలో బర్మా స్వతంత్రమైనది. 1952లో ఆ దేశము ఒక గొప్ప సంక్షేమ ప్రణాళికను ప్రకటించినది. మన దేశమున సమాజ వికాస పథకము ఆరంభమైనదియు ఆ సంవత్సరముననే. ఉద్దేశములు రెండుచోట్లను మంచివే.

అయితే ప్రణాళికకు ధనమెక్కడిది? ప్రభుత్వ సంస్థ రైతు వద్ద తక్కువ ధరకు ధాన్యము కొని, విదేశములకు ఎక్కువ ధరకు అమ్మినది. మిగిలిన సొమ్ముతో పరిశ్రమలు పెట్టదలచిరి. పట్టణవాసులకు బియ్యము చౌకగా దొరకినది. రైతుకు మాత్రము సంవత్సరముల తరబడి ధర పెరుగలేదు. ఎరువు వేయుటకుగాని, గట్టు పోయుటకుగాని అతనికి ఉత్సాహమేమి మిగులును? 1962లో సైనికులు అధికారమును చేజిక్కించుకొనిరి. వ్యాపారములు, మరలు, దుకాణములు జాతీయము చేయబడినవి. 1964 మొదలు లక్షకు మించిన భారతీయులు తిరిగి వచ్చిరి. విశాఖపట్టణము కంచరపాలెమున నేటికిని ‘బర్మా క్యాంపు’ అను పేరు నిలిచియున్నది. 1970 నాటికి బియ్యపు ఎగుమతి పదిలక్షల టన్నులకు లోబడినది. 1987లో ఆ దేశము ఐక్యరాజ్య సమితిచే అత్యంత వెనుకబడిన దేశములలో చేర్చబడినది. రైతులనుండి నిర్బంధముగా ధాన్యము తీసికొను పద్ధతి 2003 వఱకు పూర్తిగా తొలగలేదు.

యుద్ధము, అంతర్గత కలహములు ఆ దేశమును క్రుంగదీసిన మాట నిజమే. కాని నీరు తఱుగలేదు. నేల సారము చెడలేదు. చెడినది లెక్క. పండించువానికి గిట్టని పంట దేశమును పోషింపజాలదు. అట్లని ధర యెక్కువైనచో కూలివాని కడుపు నిండదు. ఈ రెంటిని సరిపెట్టుటయే ఏ ప్రభుత్వమునకైనను కష్టమైన పని.

ఇది అన్యదేశపు సంగతియని మనము ఊరడిల్లరాదు. 2011 సార్వాలో మన కోనసీమ రైతులే పంట విరామము ప్రకటించిరి. ఖర్చు పెరిగినది, ధర గిట్టలేదు, ముఱుగు పోలేదు, కూలీలు దొరకలేదు అని వారు మొఱపెట్టిరి. ఆనకట్ట క్రింద నీరుండగా పొలము బీడు పెట్టుకొనుట రైతునకు ఎంత బాధాకరమో మీకు మేము చెప్పనక్కఱలేదు.

ధరను నిర్ణయించుట పంచాయతీ పని కాదు. అయినను చేతనైన పనులు లేకపోలేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. దానితో చేర్చబడిన పదునొకండవ షెడ్యూలున పంచాయతీలకై 29 విషయములు పేర్కొనబడినవి. చిన్నతరహా సేద్యపు నీరు, ఆహారపదార్థములను తయారుచేయు చిన్న పరిశ్రమలు, సంతలు అందులోనివే. అవి అన్నియు మన చేతికి అందినవని మేము చెప్పము. అందినవానినైనను వాడుకొనుచున్నామా యని ప్రశ్నించుకొనవలెను.

మొదటిది ముఱుగు. గుర్రపుడెక్క, తూటికాడ పట్టిన కాలువ వానకాలమున పంటను ముంచును. పెద్ద కాలువలు ప్రభుత్వ శాఖవి. కాని ఏ కాలువ ఎచట పూడినది, ఎచట ఆక్రమింపబడినది అను పట్టీని వేసవిలోనే గ్రామసభలో వ్రాసి, తీర్మానించి పంపుట మన పని. మునిగిన పిమ్మట వ్రాసిన అర్జీ పంటను తేల్చదు.

రెండవది కళ్లము. ధాన్యమున తేమ నూటికి 17 పాళ్లు మించినచో మద్దతు ధరకు అమ్ముట కష్టము. ఆరబోయ చోటులేని చిన్న రైతు దొరకిన ధరకు తెగనమ్మును. ఊరుమ్మడి స్థలమున గట్టి కళ్లము, టార్పాలిన్లు, తేమ కొలుచు యంత్రము ఉన్నచో అతడు రెండు దినములు ఓపికపట్టగలడు. ఆ రెండు దినములే ధరను నిలుపును.

మూడవది కౌలుదారు. 2011లో ఒక చట్టము, 2019లో మఱొకటి వారిని గుర్తించుటకై వచ్చినవి. సాగుచేయువాని పేరు కాగితమున లేనిచో అప్పును, పంటనష్టపు సాయమును మఱొకరి పేరున పోవును. యజమానికిని కౌలుదారునకును నడుమ నమ్మకము కుదుర్చుట ఊరిపెద్దలకు సాధ్యమైనంతగా కచేరీలకు సాధ్యముకాదు.

నాల్గవది పని. ధాన్యము గ్రామము విడిచినపుడు దానితో తవుడు, నూకలు, ఊకయు పోవుచున్నవి. వాని వెంట మన యువకులును పోవుచున్నారు. నాడు రంగము, నేడు గల్ఫు దేశములు. పోవుట తప్పుకాదు; పోక తప్పకపోవుటయే లోపము. అటుకులు, పేలాలు చేయుట వంటి చిన్న పనులకు స్థలమును, విద్యుత్తును సమకూర్చుటలో పంచాయతీ మహిళా సంఘములకు చేయూతనీయవచ్చును.

సోదరులారా, ఆనకట్ట నీటినిచ్చినది. ఆ నీటిని సిరిగా మార్చు బాధ్యతలో మనకును వంతు కలదు. రాబోవు గ్రామసభలో ముఱుగుకాలువల పట్టీని మొదటి విషయముగా చేర్చుకొనుడని కోరుచు, మీ వద్ద సెలవు తీసికొనుచున్నాము.