పోచంపల్లి సంచీ: అసలేది, నకిలీ ఏది?

(మిర్యాలగూడలో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నకిలీ హ్యాండు బ్యాగుల గురించి మాట్లాడతాననగానే మీలో కొందరు నవ్వారు. కూలిరేట్లు, కట్నం చావులు మాట్లాడుకునే చోట సంచీల గొడవ ఏమిటని. ఇదీ కూలిరేటు గొడవే. కాసేపు వినండి.

ఖరీదైన విదేశీ సంచీల సంగతి ముందు చెప్పి వదిలేస్తాను. పారిస్‌లో 1854లో మొదలైన లూయీ విటాన్ కంపెనీ, తన పెట్టెలను చూసి అందరూ అలాంటివే చేసి అమ్ముతున్నారని 1896లో పేరులోని అక్షరాలూ పువ్వులూ కలిపి ఒక గుర్తు తయారు చేసుకుంది. నకిలీలను ఆపడానికి పుట్టిన ఆ గుర్తునే ఇవాళ ఊరూరా నకిలీ చేసి అమ్ముతున్నారు. ఆ కంపెనీకి వకీళ్ళున్నారు, డబ్బుంది. దాని బాధ అది పడుతుంది. మన పోచంపల్లి పేరు పెట్టి అమ్మే సంచీ సంగతి వేరు. పోచంపల్లి, పుట్టపాక 2016 దాకా మన నల్లగొండ జిల్లాలోవే. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా అన్నంత మాత్రాన పరాయివి కావు.

నకిలీకి చీర కన్నా సంచీ అనువైనది. ఎందుకంటే చీరను తిరగేసి చూడవచ్చు. సంచీకి లోపల వేరే గుడ్డ వేసి కుట్టేస్తారు, పై గుడ్డ వెనకవైపు కనబడదు. నకిలీ బయటపడేదే ఆ వెనకవైపున. సాగర్ చూసి తిరిగి వెళుతూ గుర్తుగా ఒక సంచీ కొనుక్కునే ఆడమనిషి బేరం ఆడుతుంది గానీ లోగుడ్డ ఎత్తి చూడదు.

పోచంపల్లి గుడ్డలో రంగు నేసిన తర్వాత వేసింది కాదు. నూలు మీదనో పట్టు పోగుల మీదనో ముందే లెక్క ప్రకారం కట్లు కట్టి, రంగులో ముంచి, కట్లు విప్పి, మళ్ళీ కట్టి మళ్ళీ ముంచి, ఆ తర్వాత నేస్తారు. కాబట్టి రంగు పోగు లోపలి దాకా దిగుతుంది. సంచీ జిప్పు పక్కన, కుట్టు మడత లోపల, జేబు అంచున ఎక్కడో ఒక చోట పై గుడ్డ వెనకవైపు తప్పక దొరుకుతుంది. రెండు వైపులా రంగు ఒక్కలాగే ఉండాలి. వెనక వెలిసినట్టు ఉంటే అది అచ్చు వేసిన గుడ్డ. తెగిన అంచు నుంచి ఒక పోగు లాగి చూడండి. అసలు పోగు కొంత దూరం ఎరుపు, కొంత దూరం తెలుపు, మళ్ళీ ఎరుపు, ఇలా ముక్కలు ముక్కలుగా, చుట్టూ ఒకే రంగుతో వస్తుంది. అచ్చు గుడ్డ పోగును వేళ్ళ మధ్య తిప్పితే ఒక పక్క రంగు, ఇంకో పక్క తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. పువ్వుల గీతలు కూడా చూడండి. అసలు దానిలో రంగు ఒకదానిలోకి ఒకటి కాస్త చెదిరి కలుస్తుంది. గీత కత్తితో కోసినట్టు ఉంటే అనుమానించండి. పట్టు అని చెబితే ఒక పోగు కాల్చండి. పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే పొడి అవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

ఇంత చెప్పినా, కనిపెట్టడం కొనేవాళ్ళ తెలివితేటల మీదే వదిలేయడం నాకు ఇష్టం లేదు. ఆ చెదిరిన గీత వెనక ఎవరున్నారో చూడండి. కట్టు కట్టడానికి ముందు పేక నూలును ఒక కొయ్య నుంచి అర్ధచంద్రాకారంగా పాతిన మేకుల మీదికీ, మళ్ళీ వెనక్కీ చేత్తో తిప్పాలి. దీన్ని ఆసు పోయడం అంటారు. ఒక చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ పోవాలి. ఈ పని తరతరాలుగా ఆడవాళ్ళదే. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మి గారి భుజాల నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం చేసి దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కానీ ఆ నొప్పి పడిన వేల మంది ఆడవాళ్ళకు విడిగా కూలి ఇవ్వాలని ఎవరికి తోచింది? మగ్గానికి ఒక కూలి లెక్క కడతారు, అది మగ్గం మీద కూర్చున్న మగవాడి చేతికి వస్తుంది. ఆసు, కండెలు చుట్టడం, కట్లు కట్టడం "ఇంటి పని"లో కలిసిపోతాయి. 2019-20 చేనేత గణన దేశంలో 35 లక్షల పైచిలుకు చేనేత పనివారిని లెక్క తేల్చింది. అందులో 72 శాతం ఆడవాళ్ళు. అచ్చు మిల్లు గంటలో కాపీ కొట్టేది ఈ జీతం లేని చేతుల పనిని. ధర పోటీకి తట్టుకోలేక వ్యాపారి మజూరీ తగ్గిస్తే, మొదట కోత పడేది ఆ ఇంటి ఆడదాని కడుపుకే.

చట్టం లేదా? ఉంది. 1999లో చేసిన భౌగోళిక గుర్తింపు చట్టం 2003లో అమలులోకి వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనూ, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లోనూ గుర్తింపు దొరికింది. అచ్చు గుడ్డ అమ్మడం నేరం కాదు. దాన్ని పోచంపల్లి ఇక్కత్ అని అమ్మడం నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. విదేశీ కంపెనీల గుర్తులను కాపాడే ట్రేడ్‌మార్కు చట్టంలోనూ సరిగ్గా ఇదే శిక్ష. కాగితం మీద ఇద్దరూ సమానమే.

అదే చట్టంలో మనం పట్టించుకోని మాట ఇంకొకటి ఉంది. "ఉత్పత్తిదారు" అంటే ఎవరని చెబుతూ, తయారు చేసేవారితో పాటు ఆ సరుకు వ్యాపారం చేసేవారినీ చేర్చారు. అంటే ఒక్క పోగు ముట్టుకోని షావుకారు ఉత్పత్తిదారు! మరి 9,000 సార్లు చేయి తిప్పిన మనిషి? తయారు చేసేవారు అంటే మగ్గం మీద కూర్చున్నవారే అని చట్టంలో ఎక్కడా రాయలేదు. అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకోవడానికి ఆసు పోసే ఆమె, చిటికి కట్టే ఆమె తమ సొంత పేరుతో దరఖాస్తు పెట్టవచ్చని నా అభిప్రాయం. సహకార సంఘం సభ్యత్వం కూడా ఆమె పేరున అడగాలి. కాదంటే ఎందుకు కాదో రాతపూర్వకంగా ఇమ్మనాలి.

కొనేవాళ్ళుగా మన పని చిన్నదే. బిల్లు అడగండి, దాని మీద "పోచంపల్లి ఇక్కత్, చేనేత" అని రాయించండి. రాయనంటే అక్కడే తెలిసిపోతుంది. రాసి మోసం చేస్తే 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కొన్న ఊళ్ళోనే కాదు, మీరు ఉండే జిల్లాలోనే రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. వకీలూ అక్కర్లేదు. అంతకుముందు 1915 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. సంచీ, బిల్లు, లాగిన ఆ పోగు, మూడూ జాగ్రత్తగా దాచుకోండి.